నాలుక మీద మూడు తీగలు

మా మావయ్య ముప్ఫై ఏళ్ళకు పైగా రేడియోలో మాట్లాడి రిటైరయ్యాడు. ఇప్పుడు సత్యనారాయణపురంలో ఇంటి వరండాలో కూచుని, సాయంత్రాలు పిల్లలకు పద్యం చదవడం నేర్పుతున్నాడు. మా చెల్లి మైసూరులో చదివి వచ్చింది. మాట సరిగా రాని పిల్లలకు, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దలకు బెజవాడలోనే చికిత్స చేస్తుంది. ఒకరిది చెవి వృత్తి, ఒకరిది నోటి వృత్తి. ఇద్దరూ ఒకే వరండాలో ఉంటే బజ్జీలు చల్లారిపోవడం మామూలే. మొన్న ఆదివారం గొడవ చెల్లి ఫోనులోని పాత ఫొటోతో మొదలైంది. చదువుకునే రోజుల్లో ఒక ప్రయోగశాలలో నాలుకకు తీగలు అంటించుకుని కూర్చున్నప్పుడు తీసిన ఫొటో అది.

మావయ్య: ఇదేవిటే అమ్మాయ్, గాలానికి చిక్కిన కొర్రమీనులా ఉన్నావు! నోట్లోంచి ఆ దారాలేవిటి?

చెల్లి: దారాలు కావు మావయ్యా, తీగలు. ఒక్కో తీగ కొసన బియ్యపు గింజంత తీగచుట్ట ఉంటుంది. నాలుక కొసకి సెంటీమీటరు వెనగ్గా ఒకటి, మధ్యలో ఒకటి, డోకు రాకుండా ఎంత వెనక్కి పెట్టగలిగితే అంత వెనక ఒకటి. పెదాలకు చెరొకటి, కింది పళ్ళ చిగురుకి ఒకటి. తల ఊగితే ఆ ఊపును లెక్కలోంచి తీసెయ్యాలి కదా, అందుకని చెవుల వెనక, ముక్కు మొదట్లో ఇంకొన్ని.

మావయ్య: దేంతో అంటించారు, మైదాపిండితోనా?

చెల్లి: డాక్టర్లు గాయాలు అతకడానికి వాడే జిగురు. నాలుకను గుడ్డతో తుడిచి, ఆరబెట్టి అంటిస్తారు. తర్వాత నువ్వు మాట్లాడుతుంటే ఒక్కో చుట్ట ఎక్కడుందో సెకనుకు కొన్ని వందల సార్లు రాసుకుంటుంది యంత్రం. పొరపాటు వస్తే మిల్లీమీటరు లోపే.

మావయ్య: ఇంత తంటా దేనికి? నాలుక ఎక్కడుందో నాకు వినిపిస్తుంది. స్టూడియోలో అద్దం అవతల నుంచి విని చెప్పేవాణ్ణి, ఈ అమ్మాయి "ౘలి" అనాల్సిన చోట చిలకలో "చ" వేస్తోందని. నాలుక పంటి దగ్గర ఉండాల్సింది, వెనక అంగిలి దాకా పోయిందన్నమాట. చిన్నయసూరికి ఏ తీగలు ఉన్నాయి? ఇ, ఈ, ఎ, ఏలతో కూడితే తాలవ్యం, అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ, ఔలతో అయితే దంత్యం అని బాలవ్యాకరణంలో తేల్చిపారేశాడు. చెవితో పట్టుకున్నాడాయన. అంతెందుకు, "మేక" అను. "మేము" అను. రెండిట్లో ఒకటే ఏత్వం రాస్తాం, అచ్చులు మాత్రం రెండు. "వచ్చాడు" అంటున్నప్పుడు మధ్యలో వచ్చే అచ్చుకు మన లిపిలో అక్షరమే లేదు. అక్షరం దాచినదాన్ని కూడా చెవి పట్టుకుంది.

చెల్లి: చెవిని నేను కాదన్నానా?

మావయ్య: సరే, తిట్టేముందు తెలుసుకోవాలి. అదెలా పనిచేస్తుందో చెప్పు.

చెల్లి: నీ పాత ట్రాన్సిస్టర్ లోపల ఏముంటుంది?

మావయ్య: నల్ల కడ్డీ. దాని మీద రాగితీగ చుట్ట. అదే ఏరియల్.

చెల్లి: మీడియం వేవ్ 837 మీద పెట్టి, పెట్టెను మెల్లగా తిప్పితే?

మావయ్య: ఒక వైపుకి తిప్పితే ఖంగుమనేది. ఇంకో వైపుకి తిప్పితే సన్నగిల్లి, ఒక చోట దాదాపు మాయమైపోయేది. దివిసీమ నుంచి ఉత్తరాలు రాసేవాళ్ళు, వినిపించడం లేదండీ అని. రేడియో తిప్పి పెట్టుకోండి బాబూ అని జవాబు రాసేవాళ్ళం.

చెల్లి: నా నాలుక మీద ఉన్నవి అలాంటి ట్రాన్సిస్టర్లే. తల చుట్టూ పెద్ద చుట్టలు ఉంటాయి, అవి స్టేషన్లు. జర్మనీ యంత్రం కొత్త రకంలో తొమ్మిది ఉంటాయి. ఒక్కోటి ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద అయస్కాంత క్షేత్రాన్ని ఆడిస్తుంది. నాలుక మీది చుట్ట తొమ్మిది స్టేషన్లనూ ఒక్కసారే వింటుంది. స్టేషనుకు దూరం రెట్టింపైతే జోరు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చుట్ట వాలు మారినా జోరు మారుతుంది, నీ పెట్టెను తిప్పినట్టే. తొమ్మిది జోరులూ తెలిస్తే చుట్ట ఎక్కడుందో, ఎటు వాలి ఉందో లెక్క కట్టొచ్చు. చుట్ట తన ఇరుసు మీద తాను తిరిగితే మాత్రం తెలియదు, ఎందుకంటే అప్పుడు జోరు మారదు. కాబట్టి ఒక్కో చుట్టకు అయిదు అంకెలు వస్తాయి. మూడు చోటుకు, రెండు వాలుకు.

మావయ్య: ఓహో. ఎక్స్‌రేలు లేవన్నమాట.

చెల్లి: లేవు. పూర్వం ఎక్స్‌రే సినిమాలు తీసేవాళ్ళు. ఒక మనిషి మీద ఎన్ని నిమిషాలు తియ్యగలరు? తర్వాత జపాన్‌లో ఫుజిమురా నాలుక మీద చిన్న లోహపు పూసలు అంటించి, సన్నని ఎక్స్‌రే కిరణంతో వాటి వెంటపడే పద్ధతి కనిపెట్టాడు. డోసు తగ్గింది గానీ ఆ యంత్రానికి ఒక భవనం కావాలి. అయస్కాంతాలతో చేయొచ్చని జర్మనీలో గోటింగెన్‌లో షోన్లే, ఆయన తోటివాళ్ళు 1987లో వివరంగా రాశారు. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇది, నోట్లోకి రావడానికి నూటయాభై ఏళ్ళు పట్టింది.

ఇక్కడితో మావయ్య మెత్తబడ్డాడనుకున్నాను. రేడియో మాట వస్తే ఆయన ముఖం వెలిగిపోతుంది మరి. కానీ ఆయన వక్కపలుకు ఒకటి బుగ్గన పెట్టుకుని, అసలు దెబ్బ అప్పుడు కొట్టాడు.

మావయ్య: యంత్రం బాగుంది. ప్రశ్నే బాగాలేదు. నాలుక ఎక్కడుందో తెలిసి ఏం చేస్తావు? ఎదుటివాడి చెవిలో పడ్డదే మాట. అంతకు ముందు జరిగేదంతా కండ కదలడం. వీణ వినడానికి వచ్చి వేళ్ళు కొలుస్తానంటావేం?

చెల్లి: అయితే "ఎర్ర లారీ తెల్ల లారీ" పదిసార్లు గబగబా అను.

మావయ్య: నన్నా? ఎర్రలారీ తెల్లలారీ ఎర్రలారీ తెల్లలారీ ఎర్రలారీ తెర్ర... ఛీ. ఈ వక్క అడ్డం.

చెల్లి: ఇప్పుడు నీ చెవి ఏమంది?

మావయ్య: "ల" బదులు "ర" పడిందంది. ఒకటి పోయి ఇంకొకటి వచ్చింది.

చెల్లి: శతాబ్దం పాటు పండితులంతా అదే రాసుకున్నారు, ఎందుకంటే చెవితో విని రాసుకున్నారు కాబట్టి. గోల్డ్‌స్టీన్, పూప్లియే, ఇంకొందరు కలిసి మనుషుల నాలుకలకు ఈ తీగలు అంటించి, ఇంగ్లీషులో "కాప్ టాప్, కాప్ టాప్" అని మళ్ళీ మళ్ళీ అనిపించారు. 2007లో అచ్చయింది. "క"కి నాలుక వెనక భాగం లేవాలి, "ట"కి కొస లేవాలి. తడబడ్డప్పుడు ఏం జరిగిందో తెలుసా? చాలాసార్లు ఒకటి పోయి ఇంకొకటి రాలేదు. కొస లేచింది, వెనకా లేచింది. రెండూ ఒకేసారి. ఒక్కోసారి రెండోది సగమే లేచింది. వినేవాళ్ళకు కొన్నిసార్లు తప్పు దొర్లినట్టు కూడా తెలియలేదు. నాలుక రెండు మాటలు ఒక్కసారే అంది మావయ్యా. చెవి ఒకటి ఏరుకుని రెండోది పారేసింది.

మావయ్య: (కాసేపు ఊరుకుని) అది ఇంగ్లీషువాళ్ళ నాలుక.

చెల్లి: నాలుకే కదా?

మావయ్య: ఆ సంగతి తర్వాత చెప్తా. ముందిది చెప్పు. వేదం ఎలా పలకాలో చెప్పే మన ప్రాతిశాఖ్యలు ఎప్పటివి? తైత్తిరీయులది తీసి చూడు. ట వర్గానికి నాలుక కొసను వెనక్కి మడిచి మూర్ధాన్ని తాకించాలని ఉంటుంది. ఏ స్థానం, ఏ కరణం, ప్రతి అక్షరానికీ చెప్పారు. తీగలూ లేవు, జర్మనీ లేదు. మా తాతగారు కృష్ణ ఒడ్డున కూచుని పిల్లలకు వేదం చెప్పేటప్పుడు...

చెల్లి: మావయ్యా, నువ్వు నా పక్షానికి వచ్చేశావు.

మావయ్య: నేనా?

చెల్లి: స్థానం, కరణం అంటే ఏవిటి? ఎక్కడ తాకింది, ఏది తాకింది అనే కదా. ఎలా వినిపిస్తుందో చెప్పి వాళ్ళు ఊరుకోలేదు, నాలుక ఏం చేస్తుందో చెప్పారు. నువ్వు ఇందాక కండ కదలడం అని తీసిపారేశావే, వాళ్ళు వర్ణాన్ని దాని మీదే నిలబెట్టారు. తమ నోటిని తామే లోపలి నుంచి తడిమి తెలుసుకున్నారు. నేను తీగలతో తడిమాను.

ఈ మాటకు మావయ్య నవ్వాడు. ఓడిన నవ్వు కాదు. పిల్లలు పద్యంలో యతి సరిగ్గా వేసినప్పుడు నవ్వే నవ్వు.

మావయ్య: అయితే వాళ్ళే చెప్పేశాక ఇంకా నీకేం మిగిలింది?

చెల్లి: సూత్రం ఒకటే, నోళ్ళు వేరు. హిందీలోదీ మూర్ధన్య "ట"యే, మనదీ మూర్ధన్య "ట"యే. పేరి భాస్కరరావు గారు, లేడిఫోగెడ్ కలిసి 1983లో ఎక్స్‌రే బొమ్మలు చూపించారు. హిందీవాళ్ళ నాలుక కొస పంటి చిగురు వెనక నిటారుగా తాకుతుంది, అంతే. తెలుగు, తమిళం మాట్లాడేవాళ్ళ నాలుక ఇంకా వెనక్కి మడత పడి, కొస అడుగు భాగంతో గట్టి అంగిలిని తాకుతుంది. మడవడమంటే మనదే మడవడం.

మావయ్య: చూశావా!

చెల్లి: దాన్ని కూడా చెవితోనే పట్టుకునేవాడివా?

మావయ్య: ఢిల్లీ నుంచి వచ్చినవాడు "గట్టు" అంటే ఏదో తేడాగానే ఉంటుంది. ఎక్కడో చెప్పలేను.

చెల్లి: ఎందుకు చెప్పలేవంటే "ట" ఒక చోటు కాదు, ఒక ప్రయాణం. తీగలు చెప్పింది అదే. మైసూరులో శ్రీదేవి గారు, టొరంటో నుంచి కొచెటోవ్, ఇంకొందరు కన్నడిగుల మీద అల్ట్రాసౌండూ ఈ అయస్కాంతాలూ రెండూ పెట్టి చూశారు, 2014లో వచ్చింది. "గట్టు" లాంటి మాట తీసుకో. "ట్ట" రాకముందే, "గ" మీది అచ్చులో ఉండగానే నాలుక మడుచుకోవడం మొదలెడుతుంది. వెనక తాకుతుంది. దారి మూసి ఉన్న ఆ కాస్త సేపట్లోనే ముందుకు జారుతూ వస్తుంది. విడిచే వేళకు మొదట తాకిన చోట ఉండదు. మన లాకుల దగ్గర నీళ్ళలాగే, గేటు మూసి ఉన్నా లోపల కదలిక ఆగదు.

మావయ్య: అంటే "ట" వినిపించేది "ట"లో కాదు, దాని ముందున్న అచ్చులోనా?

చెల్లి: చాలా మటుకు. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. "ణ"తో మొదలయ్యే తెలుగు మాట చెప్పు.

మావయ్య: లేదు. "ళ"తోనూ లేదు. మూల ద్రావిడంలో ట వర్గం మాట మొదట రాదనే భద్రిరాజు కృష్ణమూర్తి గారు కూడా రాశారు.

చెల్లి: మాట మొదట వస్తే దాని ముందు అచ్చు ఉండదు. ముందు అచ్చు లేకపోతే మడత ఆనవాలు వినేవాడికి అందదు. భాషాశాస్త్రజ్ఞులు చెప్పే కారణాల్లో ఇదొకటి.

మావయ్య చాలాసేపు "ణ", "అణ", "గుణం" అని గొణుక్కున్నాడు. నేను కూడా లోపల అనుకుని చూశాను. చదువుతున్న మీరూ ఇప్పుడు నాలుక మడుస్తూ ఉండి ఉంటారు.

మావయ్య: బాగుంది. కానీ ఒక పట్టు విడవను. నోట్లో మూడు తీగలు పెట్టుకుని ఎవడైనా మామూలుగా మాట్లాడతాడా? నువ్వు కొలిచింది మాటను కాదు, తీగలున్న నోటిని.

చెల్లి: నలభై ఏళ్ళుగా బుగ్గన వక్క పెట్టుకుని మాట్లాడుతున్నవాడివి నువ్వా అనేది?

మావయ్య: మైకు ముందు ఉమ్మేసేవాణ్ణి!

చెల్లి: సరే, ఒప్పుకుంటాను. మొదట్లో "స" ఈలలా వస్తుంది. అందుకే పది నిమిషాలు ఊరికే కబుర్లు చెప్పిస్తారు, నోరు అలవాటు పడేదాకా. ఇంకా ఒప్పుకోవాల్సినవి ఉన్నాయి. నాలుక మొదలు దాకా తీగ పెట్టలేం, వాంతి వస్తుంది. గొంతు దగ్గర జరిగేదంతా చీకటే. మూడు చుక్కలు కలిపి నాలుక అంటున్నాం, నాలుకేమో నీళ్ళ సంచిలాంటిది, ఎటు నొక్కితే అటు ఉబుకుతుంది. మన "ట"కి తాకేది నాలుక అడుగు భాగం, తీగ ఉండేది పైన. తాకిన చోటు నేరుగా తెలియదు, పై చుట్ట వాలిన తీరు చూసి మడతను ఊహించాలి.

మావయ్య: అదీ! కాస్త దారికొచ్చావు. ఇప్పుడు డబ్బు సంగతి. నీ క్లినిక్కులో ఆ యంత్రం ఉందా?

చెల్లి: లేదు. బెంగుళూరు ఐఐఎస్సీలో ఉంది. నా దగ్గర అద్దం, టార్చిలైటు, నాలుక నొక్కే పుల్ల ఉన్నాయి.

మావయ్య: ఆ యంత్రం ఖర్చుతో అవనిగడ్డలో ఒకరిని, కైకలూరులో ఒకరిని, నీలాంటివాళ్ళను పెట్టొచ్చు. పక్షవాతం వచ్చిన రైతు మాట కోసం బెజవాడ దాకా బస్సెక్కి రావాలా?

దీనికి చెల్లి వెంటనే జవాబు చెప్పలేదు. నాకు ఈ సంవాదంలో బరువైన మాట ఇదే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది.

చెల్లి: రెండిట్లో ఒకటే అంటే మనుషులనే పెట్టమంటాను. కానీ ఆ మనిషికి ఏం తెలిసి ఉండాలో ఎక్కడి నుంచి వస్తుంది? నా దగ్గరికి ఇద్దరు పిల్లలు వస్తారు. ఇద్దరూ "కాకి"ని "తాతి" అంటారు. చెవికి ఒకటే తప్పు. నాలుక ఎక్కడ తాకిందో చూపే కృత్రిమ అంగిలి పెట్టి చేసిన పరిశోధనల వల్ల తెలిసిందేమిటంటే, కొందరు పిల్లలు కొస ఒక్కటే కాదు, నాలుకంతా పలకలా ఎత్తి అంగిలికి అదుముతారు. వాళ్ళకు ఇంకా కొస వేరు, వెనక వేరు అని విడదీసి కదపడం రాలేదు. ఇంకొందరు "త"కి, "క"కి నోట్లో తేడా చూపిస్తూనే ఉంటారు, మనకే వినపడదు. ఒకడికి నాలుకను విడదీయడం నేర్పాలి, ఇంకొకడికి ఉన్న తేడాను పెద్దది చెయ్యడం నేర్పాలి. పుల్ల పట్టుకున్నప్పుడు ఏం వెతకాలో నాకు ఆ ప్రయోగశాలలే చెప్పాయి. యంత్రం నా గదిలో లేకపోయినా నా చేతిలోకి వచ్చింది.

మావయ్య: హూఁ.

చెల్లి: ఇంకొకటి విను. గోపాలకృష్ణ అనుమంచిపల్లి అని, మనవాడే, హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో చదివాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ చాంగ్ దగ్గర పనిచేస్తూ 2019 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో అచ్చు వేశాడు. మూర్ఛ వైద్యం కోసం మెదడు మీద ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్న అయిదుగురు వాక్యాలు చదువుతుంటే, మెదడు సంకేతాలు రికార్డు చేశారు. ఆ సంకేతాల్లోంచి కంప్యూటరు చేత ఆ వాక్యాలనే పలికించారు. అయితే సంకేతాన్ని నేరుగా ధ్వనిగా మార్చలేదు. ముందు పెదవి, నాలుక, దవడ, గొంతు ఎలా కదిలాయో తీశారు, ఆ కదలికల నుంచి ధ్వని తీశారు. ఆ దారే బాగా పనిచేసింది. ఒకరు గొంతు పెగల్చకుండా పెదాలు మాత్రం ఆడిస్తే, అప్పుడూ కొంత మాట వచ్చింది.

మావయ్య: మెదడు మీద తీగలు పెట్టినవాళ్ళకు నాలుక మీద కూడా పెట్టారా?

చెల్లి: లేదు. అదే చెప్తున్నా. అంతకు ముందెప్పుడో వేరేవాళ్ళు నాలుకలకు తీగలు అంటించుకుని కూర్చున్నారు. ఫలానా ధ్వనికి ఫలానా కదలిక అని ఆ రికార్డులు కంప్యూటరుకు నేర్పాయి. మాట పడిపోయిన మనిషి నోరు నువ్వు వినలేవు మావయ్యా. అక్కడ నీ చెవికి పని లేదు. కదలిక ఒక్కటే మిగిలి ఉంటుంది, అదీ మెదడులో.

మావయ్య లేచి నిలబడ్డాడు. ఆయన ఎప్పుడు లేచినా ప్రసారం అయిపోయినట్టే. ఈసారి మాత్రం గడప దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

మావయ్య: కంప్యూటరుకు నేర్పిన ఆ నాలుకలు ఏ భాషవి?

చెల్లి: ...ఇంగ్లీషువి.

మావయ్య: ఇందాక తర్వాత చెప్తానన్నది ఇదే! ఇంగ్లీషువాడి "ట"కి నాలుక మడవదు. వాడికి "ళ" లేదు, "ణ" లేదు. రేపు మన అవనిగడ్డ రైతు మెదడుకు ఆ యంత్రం తగిలిస్తే, అది వాడి "నీళ్ళు"ని "నీల్లు" చేస్తుంది. మనవాడు కట్టిన యంత్రానికి మన "ట" తెలియకపోతే ఎట్లా? కన్నడిగుల మీద పెట్టి చూశారన్నావు. తమిళుల మీద?

చెల్లి: నారాయణన్, ఇంకో ఇద్దరు కలిసి 1999లోనే తమిళంలోని అయిదు రకాల ర-ల ధ్వనులను ఇలాంటి అయస్కాంతాలతోనూ, ఎమ్మారైతోనూ చూశారు.

మావయ్య: ఇరుగూ పొరుగూ కూర్చున్నారు. మరి మనం? రాసుకో. ఏ మాటలు చదివించాలో నేను చెప్తాను. నాట్లు. గట్టు. పుట్టి. నీళ్ళు. కళ్ళం.

చెల్లి: మాటలు విడివిడిగా వద్దు, వాక్యాలు కావాలి. పద్యాలు అసలే వద్దు. మామూలుగా మాట్లాడుకునేవి.

మావయ్య: పద్యం వద్దంటే ఎలా? గొంతు విప్పి మన "ళ" అనేదే అక్కడ!

చెల్లి: అందుకే వద్దు. అది చెవి కోసం దిద్దుకున్న నాలుక. నాకు దిద్దని నాలుక కావాలి. చేపల మార్కెట్లో బేరమాడే నాలుక.

మావయ్య: "ఎర్ర లారీ తెల్ల లారీ" ఉండాల్సిందే.

చెల్లి: ఉంటుంది.

మావయ్య: మొదట నన్ను కూర్చోబెట్టు. పళ్ళు కట్టుడువైతే ఫరవాలేదా?

చెల్లి: కింది తీగ చిగురుకి కదా, ఏదో చేస్తారు. వక్క మాత్రం ముందురోజు నుంచే మానాలి.

కరెంటు బిల్లు వెనక మావయ్య అప్పటికే ఎనిమిది మాటలు రాసేశాడు. వక్క మాట విని పెన్ను ఆపి, కాసేపు ఆలోచించి, బుగ్గన ఉన్న పలుకును నాలుకతో మెల్లగా రెండో బుగ్గకు తోసుకున్నాడు.